కొడికొండ అవతలి శనివారం

అనంతపురం నుంచి దక్షిణంగా సాగే 44వ జాతీయ రహదారి రాప్తాడు, మరూరు టోల్‌గేటు దాటి, పెనుకొండ కొండల పక్కగా, పాలసముద్రం మీదుగా వెళ్లి, శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రప్రదేశ్‌ను విడిచి బాగేపల్లి వైపు కర్ణాటకలో అడుగుపెడుతుంది. ఆ గీత దాటినంత మాత్రాన నేల తీరు మారదు. అవే గుట్టలు, అవే ఎండిన వంకలు, సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వానను నమ్ముకున్న అవే మెట్ట చేలు కనిపిస్తాయి, తెలుగు మాట కూడా బాగేపల్లి దాటి చాలా దూరం వినిపిస్తూనే ఉంటుంది. మారేది మద్యం చట్టం. సీసా ధర, దుకాణం మూసే వేళ, కూర్చుని తాగే చోటు ఎలా ఉండాలన్న నియమం, ఇవన్నీ ఆ చెక్‌పోస్టుకు అటు ఒక రకం, ఇటు ఒక రకం. అనంతపురం నుంచి సుమారు 210 కిలోమీటర్లు, హిందూపురం నుంచి దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణించి బెంగళూరులో వారాంతపు రాత్రి గడిపే యువతీయువకుల సరదాను అర్థం చేసుకోవాలంటే వారి అభిరుచికన్నా ముందు ఈ రెండు రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలను చూడవలసి ఉంటుంది. ఎందుకంటే కాక్‌టెయిల్ బార్ అనే చోట స్వేచ్ఛగా ఎంచుకున్నట్టు కనిపించే ప్రతి విషయమూ, అంటే వేళ, కొలత, వయసు, బిల్లు, ఇంటిదారి, చాలావరకు ప్రభుత్వం ముందే గీసిపెట్టిన గీతల మధ్యనే నడుస్తుంది.

వారాంతం అన్నది ఈ సీమకు కొత్త సంగతి. పల్లెకు వారమంటే సంత రోజు చుట్టూ తిరిగేది. బెంగళూరు నిర్మాణ పనులకు వలసవెళ్లిన కదిరి, తనకల్లు ప్రాంతాల కూలీలకు వారమంటే మేస్త్రీ ఇచ్చే బట్వాడా. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం రాత్రి ముగిసే సెలవు అనే భావన సాఫ్ట్‌వేర్ కొలువులతో పాటు వచ్చింది. అందువల్ల శనివారం రాత్రి బెంగళూరు ఇందిరానగర్‌లోనో కోరమంగళలోనో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మనుషులు రెండు విధాలుగా ఉంటారని చెప్పుకోవచ్చు: బార్ లోపల బల్లల దగ్గర కొందరు, ఆ వీధిలోనే లేస్తున్న కొత్త కట్టడం రేకుల షెడ్డులో మరికొందరు. ఇద్దరినీ ఆ నగరానికి పంపింది ఒకే కరవు నేల.

ఇంటి దగ్గర మద్యం ఏ రూపంలో దొరుకుతుందన్నది దాదాపు ఎనభై ఏళ్ల కథ. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న అనంతపురం, ఆ రాష్ట్రమంతటా 1948 నాటికి అమలైన మద్యనిషేధం కిందికి వచ్చింది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆ నిషేధం వారసత్వంగా దక్కగా, దాని అమలుపై రేగిన వివాదంలోనే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. 1960ల చివరిలో నిషేధం తొలగింది, సారా ప్రభుత్వ ఆదాయానికి ఆధారమైంది, 1986లో ఏర్పడిన బెవరేజెస్ కార్పొరేషన్ చేతికి మద్యం టోకు వ్యాపారం వెళ్లింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992 నాటికి రాష్ట్రమంతటా పాకడంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వ సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి; ఆ సంపూర్ణ నిషేధాన్ని 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం సడలించింది.

ఆ తరువాతి మార్పులు ఈ తరం కళ్లారా చూసినవే. 2019 అక్టోబరు 1 నుంచి దుకాణాలను ప్రభుత్వమే నడిపింది, దుకాణానికి ఆనుకుని ఉండే పర్మిట్ రూములు, అంటే కొన్న సీసాను అక్కడే కూర్చుని తాగడానికి అనుమతి ఉన్న గదులు, మూతపడ్డాయి. 2020 మేలో ధరలు 75 శాతం పెరిగాయి. సరిగ్గా అప్పుడే కర్ణాటక 90 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకెట్లు బాగేపల్లి, పావగడ, బళ్లారి దారుల్లో ద్విచక్ర వాహనాల మీద ఇటు ప్రవహించాయి, వాటిని పట్టుకోవడానికి ప్రత్యేక విభాగాన్నే ఏర్పాటు చేయవలసి వచ్చింది. 2024 అక్టోబరు 16 నుంచి లాటరీలో ఎంపికైన ప్రైవేటు వ్యాపారుల చేతుల్లోకి 3,396 దుకాణాలు వెళ్లాయి, 99 రూపాయల క్వార్టర్ సీసా వచ్చింది. 2025లో పర్మిట్ రూములు తిరిగి తెరుచుకున్నాయి, బార్లకు ఉదయం 10 నుంచి అర్ధరాత్రి 12 దాకా వేళ కుదిరింది. ఇన్ని మార్పుల్లోనూ చెక్కుచెదరనిది ఒకటుంది: ప్రతి విధానమూ సీసాను ఎవరు అమ్మాలి, ఎంతకు అమ్మాలి అన్నదాని చుట్టూ తిరిగిందే తప్ప, పర్మిట్ రూములను మూయడం, తెరవడం మినహా తాగే మనిషి ఎక్కడ, ఎలా, ఎవరితో కూర్చోవాలన్న సంగతిని పట్టించుకోలేదు.

దాని ఫలితం జిల్లా కేంద్రంలో సప్తగిరి సర్కిల్ నుంచి పాతవూరు దాకా ఎవరికైనా తెలిసిన దృశ్యమే. వైన్‌షాపు కిటికీ, క్వార్టర్ సీసా, నీళ్ల ప్యాకెట్, ప్లాస్టిక్ గ్లాసు, మంచింగ్ పేరిట వేయించిన శనక్కాయలు, బొరుగులు, చికెన్ పకోడీ. అంతకన్నా కాస్త పై మెట్టులో ఏసీ బార్ అండ్ రెస్టారెంట్, మసక వెలుతురు, తెర కట్టిన ఫ్యామిలీ క్యాబిన్. అక్కడ స్త్రీలు కూర్చోవడం అరుదు, కుటుంబంతో వెళ్లినవారు తెర వెనకకే పరిమితం. మనిషి త్వరగా తాగి త్వరగా లేచిపోవడానికి అమర్చిన చోట్లివి. కాక్‌టెయిల్ బార్ ఆకర్షణలో పానీయం వాటా కొంతే. నిటారుగా కూర్చునే కుర్చీ, వెలుగు, నలుగురు స్త్రీపురుషులు ఒకే బల్ల దగ్గర సంకోచం లేకుండా రెండు మూడు గంటలు మాట్లాడుకోగలగడం, ఇవే దాని అసలు సరుకు. అనంతపురం వాసికి ఆ సరుకు దగ్గరలో దొరికే అంగడి బెంగళూరు.

ఆ అంగడిలోని బార్లలో కొన్ని చెయిన్లవి. ఒకే పేరుతో, ఒకే మెనూతో, అనేక ఊళ్లలో శాఖలు నడిపే సంస్థను చెయిన్ అంటారు. కాక్‌టెయిళ్లకు ఈ పద్ధతిని జతచేసినవారిలో ముందువరుసలో చెప్పుకోదగినది 1965లో న్యూయార్క్‌లో అలన్ స్టిల్‌మన్ తెరిచిన టీజీఐ ఫ్రైడేస్. అంతకుముందు అమెరికా బార్లలో చాలావరకు మగవారి గుంపులే కనిపించేవి కాబట్టి, ఉద్యోగాలు చేసుకుంటూ ఒంటరిగా ఉంటున్న యువతులు కూడా సంకోచించకుండా వచ్చే చోటుగా ఆయన దాన్ని రూపొందించాడు. వారాంతాన్నే పేరుగా పెట్టుకున్న ఆ సంస్థ 1990ల మధ్యలో భారతదేశానికి వచ్చింది. బెంగళూరు విషయానికొస్తే, కంటోన్మెంట్ అలవాట్లు, స్థానిక బీరు పరిశ్రమ ఆసరాగా 1980ల రెండో సగంలో చర్చ్ స్ట్రీట్, బ్రిగేడ్ రోడ్డు చుట్టూ పబ్బులు పుట్టుకొచ్చాయి. అదే చర్చ్ స్ట్రీట్‌లో 2014లో రియాజ్ అమ్లానీకి చెందిన ఇంప్రెసారియో సంస్థ పగలు పనిచేసుకునే చోటుగా, రాత్రి బార్‌గా నడిచే సోషల్ తొలి శాఖను తెరిచింది. ఆ పేరు ఇప్పుడు హైదరాబాద్ సహా అనేక నగరాల్లో కనిపిస్తుంది.

శనివారం రాత్రి 9 దాటాక ఇటువంటి చెయిన్ బార్ తలుపు దగ్గర ఎదురయ్యే పరిస్థితులకు కొన్ని పేర్లున్నాయి. కవర్ ఛార్జి అంటే లోపలికి వెళ్లడానికి ముందే చెల్లించే సొమ్ము; చాలాచోట్ల దాన్ని తరువాత తిండి, పానీయాల బిల్లులో సర్దుతారు, కొన్నిచోట్ల సర్దరు, కాబట్టి అడిగి కట్టడం మంచిది. స్టాగ్ ఎంట్రీ లేదంటే స్త్రీలు వెంట లేని మగవారి గుంపులను అనుమతించరని భావం. సొంత ఊళ్లో స్త్రీలకు తలుపు మూసిన బార్లనే ఎరిగిన నలుగురు కుర్రాళ్లు ఇక్కడ మగవారైనందుకే వెనుదిరగవలసి రావడం విడ్డూరమే. హ్యాపీ అవర్స్ అంటే రద్దీ లేని సాయంత్రం వేళలో ధర తగ్గించో ఒకటికి రెండు ఇచ్చో బల్లలు నింపుకునే ఏర్పాటు. రద్దీ మొదలయ్యే సమయానికి అది ముగిసిపోతుంది. వయసు ధ్రువపత్రం అడగడం మర్యాదలేమి కాదు: ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి, బెంగళూరు బార్లు పాటించేదీ 21 ఏళ్ల నియమమే.

లోపల కౌంటర్ వెనక జరిగే పనిలో ఇంద్రజాలం తక్కువ, క్రమం ఎక్కువ. రద్దీ రాత్రి ఒక్కొక్కరికి ప్రత్యేకంగా రుచి చూసి కలిపే తీరిక ఉండదు గనక, నిమ్మరసం, చక్కెర పాకం ముందుగానే సీసాల్లో పోసి ఉంచుతారు, ఎక్కువగా వాడే మద్యాలను చేతికి అందే ఎత్తులో వరుసగా పెట్టుకుంటారు, కొన్ని మిశ్రమాలను మధ్యాహ్నమే పెద్ద మొత్తంలో కలిపి చల్లబరుస్తారు. ఇరువైపులా రెండు గిన్నెలున్న చిన్న లోహపు కొలపాత్రను జిగ్గర్ అంటారు. మూతపెట్టి, మంచుగడ్డలతో కలిపి కుదిపే పాత్ర షేకర్. బెంగళూరు దర్శిని హోటళ్లలో ఏ వీధిలో తిన్నా ఇడ్లీ సాంబారు ఒకే తీరున ఉన్నట్టు, ఏ శాఖలో అడిగినా అదే పేరు గల పానీయం అదే రుచిలో రావడమే చెయిన్ ఇచ్చే హామీ. గొప్ప రుచిని ఆశించి వెళ్లేవారికి ఇది నిరాశే. తెలియని నగరంలో మోసపోకూడదనుకునేవారికి మాత్రం ఇదొక భరోసా.

కాక్‌టెయిల్ అంటే బట్టీపట్టిన మద్యానికి తీపి, పులుపు, చేదు, నీరు వంటివాటిని కొలత ప్రకారం కలిపిన పానీయం. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి దీన్ని మద్యం, చక్కెర, నీరు, బిట్టర్స్ అనే నాలుగింటి కలయికగా వివరించింది. బిట్టర్స్ అంటే బెరడులు, వేర్లు, మూలికలు మద్యంలో నానబెట్టి తీసిన చేదు సారం. 1862లో జెర్రీ థామస్ అనే బార్ నిపుణుడు ఈ మిశ్రమాలకు తొలి పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అయితే కొలిచి కలిపి తాగే అలవాటు అమెరికాకన్నా పాతది, దాని తొలి లిఖిత ఆధారాల్లో ఒకటి తెలుగు తీరానికే సంబంధించినది కావడం గమనార్హం. సారాయి, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధ ద్రవ్యం అనే అయిదింటితో చేసే పంచ్ అనే పానీయం ప్రస్తావన ఆంగ్లంలో మొదట కనిపించేది 1632 నాటి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఉత్తరంలో. ఆ ఉత్తరం అందుకున్న కంపెనీ మనిషి ఉన్న చోటు పెద్దపల్లి, అంటే నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. కాక్‌టెయిల్‌ను పూర్తిగా పరాయి సరుకు అనేవారు ఈ ఉత్తరాన్ని లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

కాక్‌టెయిల్‌తో ఉన్న చిక్కల్లా అది తన బలాన్ని దాచుకోవడమే. దాన్ని బయటపెట్టే లెక్క కష్టమైనదేమీ కాదు. భారతదేశంలో తయారయ్యే విస్కీ, రమ్ము వంటివాటిలో సాధారణంగా 42.8 శాతం మద్యసారం ఉంటుంది, చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్దది 60. ఆ లెక్కన ఒక చిన్న పెగ్గులో శుద్ధ మద్యసారం సుమారు 10 గ్రాములు. దీన్నే కొలబద్దగా పెట్టుకుంటే మిగతావన్నీ తేలిపోతాయి. 8 శాతం బలం గల 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 41 గ్రాములు, అంటే నాలుగు చిన్న పెగ్గులు. బీరే కదా అని రెండు సీసాలు తాగేవారు ఎనిమిది పెగ్గులు తాగినట్టే. తెల్లవారకముందు తియ్యగా ఉండి, పొద్దెక్కేకొద్దీ పులిసే ఈతకల్లులో 4 శాతం మద్యసారం ఉందనుకున్నా లీటరుకు మూడు పెగ్గుల పైచిలుకు లెక్క తేలుతుంది. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం ప్రమాణం ప్రకారం రమ్ము, నిమ్మరసం, పుదీనా, చక్కెర, సోడా కలిపిన మొహీటోలో 45 మిల్లీలీటర్ల రమ్ము, అంటే పెగ్గున్నర ఉంటుంది.

వీటన్నిటిలో మోసకారి లాంగ్ ఐలండ్ ఐస్‌డ్ టీ. పేరులో టీ ఉన్నా అందులో తేయాకు లేదు. వోడ్కా, రమ్ము, జిన్ను, టెకీలా, నారింజ తొక్కల రుచి గల ట్రిపుల్ సెక్ అనే తీపి మద్యం ఒక్కొక్కటి 15 మిల్లీలీటర్ల చొప్పున పోసి, నిమ్మరసం, చక్కెర పాకం, పైన కాసింత కోలా కలపగా వచ్చే టీ రంగు వల్ల ఆ పేరు వచ్చింది. మొత్తం 75 మిల్లీలీటర్ల మద్యం, రమారమి 24 గ్రాముల మద్యసారం, అంటే దాదాపు రెండున్నర చిన్న పెగ్గులు ఒకే గ్లాసులో. తీపి, చల్లదనం, కోలా రుచి కలిసి నాలుకకు ఆ సంగతి తెలియనివ్వవు. తక్కువ ఖర్చులో ఎక్కువ మత్తు కోరుకునే కుర్రకారు బల్లల మీద తరచుగా కనిపించేది ఇదే. క్వార్టర్ సీసా పద్ధతి బెంగళూరు వెళ్లి పొడవాటి గ్లాసులో గొట్టం వేసుకుని కూర్చున్నదని అనుకోవచ్చు.

బిల్లు వచ్చాక మరో చట్టం కనబడుతుంది. మనుషులు తాగే మద్యాన్ని రాజ్యాంగమే జీఎస్టీ పరిధికి వెలుపల ఉంచింది. దానిపై సుంకాలూ అమ్మకపు పన్నులూ రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి. తిండికి, మద్యం కలపని మాక్‌టెయిళ్లకు మాత్రం సాధారణ రెస్టారెంట్లలో 5 శాతం జీఎస్టీ పడుతుంది. అందుకే బార్ బిల్లు రెండు ముక్కలుగా వస్తుంది, మద్యం మీద జీఎస్టీ వేసి ఉంటే అది తప్పు. సర్వీస్ ఛార్జి అనే మూడో వరుస పన్ను కానే కాదు, సంస్థ తనంతట తాను కలిపే మొత్తం. దాన్ని బిల్లులో తప్పనిసరి చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. కాకపోతే గ్లాసులు మోసిన కుర్రాడికి ఇవ్వదలచుకున్నది వేరుగా అతని చేతికే ఇవ్వడం న్యాయం.

కౌంటర్ వెనక జిగ్గర్ పట్టుకున్న యువతి కనిపించడానికీ ఒక తీర్పు నేపథ్యం ఉంది. మద్యం అమ్మే చోట స్త్రీలు పనిచేయరాదన్న పాత పంజాబ్ ఎక్సైజ్ చట్టపు నిబంధన చెల్లదని, రక్షణ పేరుతో స్త్రీల ఉపాధిని నిషేధించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని అనూజ్ గర్గ్ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. బార్ బయట స్త్రీలు నడిపిన సారా ఉద్యమమూ, బార్ లోపల స్త్రీలకు దక్కిన ఈ హక్కూ ఒకదాన్నొకటి ఖండించేవి కావు. ఇంటి సొమ్మును ఊడ్చుకుపోయే సారా దుకాణాన్ని మూయించిన స్త్రీకీ, జీతానికి బార్‌లో పనిచేసే స్త్రీకీ కావలసింది తమ బతుకు మీద తమకు అధికారమే.

ఆరోగ్యం మాటకొస్తే, ఏ మోతాదు మద్యమూ క్షేమకరమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. అంతకుమించి ఇక్కడ వివరించవలసింది లేదు. కానీ అనంతపురం వారికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది, అది తిరుగు ప్రయాణం. శరీరం గంటకు సుమారు ఒక చిన్న పెగ్గులోని మద్యసారానికి మించి కరిగించలేదు. చల్లటి నీళ్లు, కాఫీ, పెరుగన్నం, రెండు గంటల కునుకు, వీటిలో ఏదీ ఆ వేగాన్ని పెంచదు. రాత్రి 9 నుంచి 12 లోపు మూడు లాంగ్ ఐలండ్ గ్లాసులు తాగిన మనిషి దేహంలో చేరేది 70 గ్రాముల పైచిలుకు. అది పూర్తిగా కరగడానికి ఏడెనిమిది గంటలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. బెంగళూరు బార్లు మూతపడే ఒంటిగంటకు బయల్దేరితే హెబ్బాళ, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి అనంతపురం చేరేదాకా రహదారి మీది నాలుగు గంటలూ మత్తులోనే గడుస్తాయి, ఆ వేళ ఎదురయ్యేవన్నీ సరుకు లారీలు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారం ఉంటే బండి నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జాతీయ రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు మూలం కూడా రోడ్డు ప్రమాదాలే. పట్టణాల హద్దుల్లోని దుకాణాలకు తరువాత మినహాయింపు దక్కడంతో ఆ తీర్పు బలం చాలా తగ్గింది. కొడికొండకు అటు కొన్న సీసాను ఇటు తెచ్చుకోవడం కూడా నేరం కాగలదు, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లో సుంకం కట్టని మద్యాన్ని ఇక్కడి ఎక్సైజ్ చట్టం అక్రమ సరుకుగానే చూస్తుంది.

కాబట్టి శనివారం రాత్రి బెంగళూరు బార్‌కు వెళ్లదలచినవారు బల్ల కన్నా ముందు పడక ఖాయం చేసుకోవాలి. ఆ రాత్రికే ఊరు చేరక తప్పనివారికి మెజెస్టిక్ బస్‌స్టాండ్ నుంచి అనంతపురం వైపు రాత్రి బస్సులున్నాయి. వాటి టికెట్ ధర చాలాసార్లు ఒక కాక్‌టెయిల్ ధరకు మించదు.